సైన్సు చదివే పిల్లలకు ఊరే చందా ఏస్తే ఎట్లుంటది?

ఎండకాలం రిజల్ట్స్ బయటపడంగనే నా ఫోనుకు ఒక్క తీరు మెసేజులే వస్తయ్. ‘అన్నా, సీటొచ్చింది, అడ్వాన్సు కట్టాలె.’ ‘అన్నా, ఎమ్మెస్సీ అడ్మిషన్‌కు పోవాలె, చార్జీలు లెవ్వు.’ ‘అన్నా, స్కాలర్‌షిప్ శాంక్షనైంది గని పైసలు పడలె.’ అడిగేది లక్షలు కాదు. రెండు వేలు, అయిదు వేలు, మహా అంటే ఇరవై వేలు. నిమజ్జనం నాడు ఒక్క రాత్రి డీజేకు పెట్టేంత.

అందుల ఇంజినీరింగ్, మెడిసిన్ పిల్లలకైతే ఎట్లనో ఒకట్ల దొరుకుతది. బ్యాంకు లోన్ ఇస్తది, మేనమామ ఇస్తడు, రేపు నౌకరొస్తె కడ్తడని వడ్డీకిచ్చేటోడు సుత ఇస్తడు. బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అనంగనే అందరి మొఖాలు మారుతయ్. ‘ఫిజిక్స్ చదివి ఏం జేస్తవు బిడ్డా?’ అంటరు. సైన్సు చదువంటే మామిడి తోట అసొంటిది. కాపు రావాలంటే ఏండ్లు పడుతది. అప్పటిదాక నీళ్లు పోసేదెవరన్నదే అసలు లెక్క. సర్కారు పోయాలె, అది హక్కు. ఆ ముచ్చటకు తర్వాత వస్త. ముందుగాల, జనమే కూడి సైన్సు పిల్లలకు పైసలు జమచేసిన ఒక కథ చెప్త. మనది కాదు, అమెరికాది. అయినా మనకు పనికొచ్చే సంగతులు అందుల మస్తుగున్నయ్.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశంలకు పంపింది. 83 కిలోల 600 గ్రాముల గుండు అది. భూమి సుట్టు తిరుగుకుంట బీప్ బీప్ అని సిగ్నల్ పంపింది, అంతే. గని అమెరికా గుండెల రాయి పడ్డది. మన సైన్సు ఎన్కబడ్డదని అక్కడ ఒక్కటే లొల్లి. మర్సటేడు 1958ల సర్కారు నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చింది. కాలేజీ పిల్లలకు తక్కువ వడ్డీ లోన్లు, పై చదువులోళ్లకు ఫెలోషిప్పులు పెట్టింది. నాసా పుట్టింది సుత అదే ఏడు.

అదే 1958ల లాస్ ఏంజిలిస్‌ల కొంతమంది ఆడోళ్లు ఒక్కకాడ కూసున్నరు. వాళ్లేం సైంటిస్టులు కాదు. ఊర్ల పలుకుబడి ఉన్నోళ్లు, నలుగురిని అడిగి పైసలు తేగలిగినోళ్లు. సైన్సు చదివే పిల్లలకు మనం ఏమన్న చెయ్యాలె అనుకున్నరు, సంస్థ పెట్టిండ్రు. పేరు అచీవ్‌మెంట్ రివార్డ్స్ ఫర్ కాలేజ్ సైంటిస్ట్స్. పొట్టిగ ఆర్క్స్ అంటరు. మొదట పైసలిచ్చింది కాల్‌టెక్ పిల్లలకు. కాలిఫోర్నియాల పేరుమోసిన సైన్సు యూనివర్సిటీ అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుండ్రి. ఆ కాల్‌టెక్‌ల డిగ్రీకి ఆడపిల్లలను చేర్చుకునుడు మొదలైందే 1970ల! అంటే ఈ ఆడోళ్లు ఊరంత తిరిగి చందా జమచేసింది, తమ బిడ్డలకు డిగ్రీ సీటియ్యని జాగ కోసం. దీన్ని త్యాగం అనాల్నా, అన్యాయం అనాల్నా మీరే చెప్పుండ్రి. నాకైతే రెండూ అనిపిస్తది. తర్వాత తర్వాత ఆ పైసలు ఆడపిల్లల రీసెర్చికి సుత పోయినయ్. అరవై ఏండ్లు దాటినా ఆ సంస్థ నడుస్తనే ఉన్నది. ఇప్పటిదాక 10 వేల మందికి పైగ పిల్లలకు, 10 కోట్ల డాలర్లకు పైగ ఇచ్చిండ్రు.

ఇగ అది నడిచే తీరు సూద్దాం. నాకు అంకెల కన్న ఇదే ముఖ్యం.

ఆర్క్స్ ఒక్క పెద్ద ఆఫీసు కాదు. చాప్టర్లుంటయ్. చాప్టరంటే ఒక ఊరి శాఖ అనుకోండ్రి. సియాటెల్‌ల ఒకటి, అట్లాంటల ఒకటి, శాన్ డియాగోల ఒకటి, ఇట్ల. ఏ చాప్టర్ పైసలు ఆ చాప్టరే జమచేసుకుంటది, తన సుట్టుపక్కల యూనివర్సిటీలను తనే ఎంచుకుంటది. సభ్యులు ఏటా సభ్యత్వం కడతరు, చేతనైనంత విరాళమిస్తరు, కంపెనీలను అడుగుతరు, భోజనాల కార్యక్రమం పెట్టి టికెట్లమ్ముతరు. చాప్టర్ పని ఎక్కువ శాతం వాలంటీర్లదే. పైసలు వసూలు చేసుడు, లెక్క రాసుడు, పిల్లలకు ఫోను చేసుడు అన్నీ జీతం లేని చేతులే చేస్తయ్. కుర్చీ ఒక్కరి దగ్గరనే ఉండకుంట పదవులు మారుతుంటయ్. మన ఊర్లల్ల యూత్ అసోసియేషన్ ప్రెసిడెంట్ పెండ్లయి, పిల్లలై, తల నెరిసినా ప్రెసిడెంటే!

నాకు మస్తు నచ్చిన పద్ధతి ఏందంటే, పిల్లలను ఎంచేది చాప్టర్ కాదు, యూనివర్సిటీ. ‘ఫలానా డిపార్ట్‌మెంట్‌ల ఇంత మందికిస్తం’ అని చాప్టర్ చెప్తది. ఎవరికియ్యాలె అన్నది ఆడి ప్రొఫెసర్లు తేలుస్తరు. పైసలిచ్చిన చేతికి పేరు రాసే అధికారం లేదు. దీని ఇలువ మన ఊర్ల బతికినోనికి తెలుస్తది. ఇక్కడ పదివేలిచ్చినోడు ముందుగాల మా బామ్మర్ది కొడుకు పేరు రాయి అంటడు. వార్డు మెంబర్ ఫోన్ చేస్తడు. పార్టీ సూస్తరు, కులం సూస్తరు, ఏ వాడ పిల్లగాడని సూస్తరు. మొదటేడే గొడవైతది, రెండో ఏడు చందా రాదు. ఊర్ల పుట్టిన మంచి పనులు ఎన్నో ఈ ఎంపిక కాడనే సచ్చిపోయినయ్.

ఇంకోటి, ఆ పైసలకు షరతు ఉండది. ట్యూషన్ ఫీజుకే వాడాలె, బిల్లు తెచ్చి సూపియ్యాలె అని అడగరు. కిరాయి కట్టుకో, ల్యాప్‌టాప్ కొనుక్కో, కాన్ఫరెన్సుకు పో, పిల్లలుంటే వాళ్లను సూసుకునే మనిషికి ఇచ్చుకో, నీ ఇష్టం. ఇది వినంగనే మనోళ్లు ‘ఆగం చేసుకుంటరు గదా’ అంటరు. ఎవరు ఆగం చేసుకునేది? రూముల కరెంటు బిల్లు కట్టలేక లైబ్రరీల పండుకునే పిల్లకు తన అవసరం ఏందో మనకన్న బాగ తెలుసు. ఫీజుకు ఒక పథకం ఉంటది, హాస్టల్‌కు ఒక పథకం ఉంటది, రెండిటి నడిమిట్ల ఉన్న సందుల నుంచే పిల్లలు కింద పడ్తరు. చార్జీలు, జిరాక్సులు, పరీక్ష ఫీజులు, డిపాజిట్, కండ్లద్దాలు, ఆడపిల్లలకైతే ప్యాడ్లు. వీటికి ఏ జీవోల హెడ్డు లేదు.

ఇగ పిల్లలు, దాతలు ముఖాముఖి కలిసే రోజు. ఏటా చాప్టరోళ్లు భోజనం పెట్టి పిల్లలను పిలుస్తరు. పిల్లలు వచ్చి తమ రీసెర్చి ఏందో సైన్సు రానోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్తరు. అంటే ఆ పిల్లలతోని పొగడ్తలు చెప్పించుకోరు, వాళ్ల పని గురించి చెప్పించుకుంటరు. మన దగ్గర ఏం జరుగుతది? మంచమంత చెక్కు చేసి, దాని ఎన్క నలుగురు లీడర్లు, ఒక మూలకు పిల్ల. అది వాట్సాప్ స్టేటస్‌ల పడుతది, కాలేజీల తోటోళ్లు సూస్తరు. ఆ పిల్ల మొఖంల సంతోషం కన్న సిగ్గు ఎక్కువ కనబడ్తది. నేను ఇట్లాంటి ఫొటోలు మస్తు సూసిన. ఒక్కదాంట్ల సుత ఆ పిల్ల ఏం చదువుతున్నదో రాసి ఉండది.

ఆర్క్స్‌ను దేవుని గుడి చేసి మొక్కుమని చెప్తలేను. అది ఉన్నోళ్ల సంస్థ. పెద్ద పెద్ద హోటళ్లల్ల భోజనాలు పెట్టి పైసలు జమచేసే పద్ధతి వాళ్లకు చెల్లుతది, మనకు చెల్లది. పైసలు పోయేది పేరుమోసిన యూనివర్సిటీలకే. చిన్న కాలేజీల పిల్లకు ఆ తలుపు తెరుచుకోదు. అమెరికా పౌరులకే ఇస్తరు. ఇక్కడి నుంచి పోయిన మన తెలుగు పిల్లగాడు అక్కడ ఎంత మంచి పీహెచ్‌డీ చేసినా సిటిజన్ కాకుంటే రాదు. అంతే కాదు, అది పుట్టిందే సోవియట్ మీద పోటీతోని. సైన్సు మీద ప్రేమ ఎంతనో, దేశాల పంతం సుత అంతనే. అయితే విత్తనం ఏ సంచిల వచ్చిందన్నది పక్కకు పెట్టి, మన చెల్కల మొలుస్తదా లేదా అని సూసుకోవాలె.

మొలుస్తది. ఇంతకు ముందు మొలిచింది గూడ.

భీమవరంల 1895ల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు విన్నరో లేదో. ఆయన అమెరికా పోయి చదువుకుంటనంటే చేతుల పైసల్లేవు. కాకినాడల మల్లాడి సత్యలింగం నాయకర్ పేరు మీద ధర్మనిధి ఒకటుండె. ఆ నాయకర్ రంగూన్ పోయి సంపాదించి, ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపెట్టిన మనిషి. ఆ నిధి సాయం చేస్తమని మాటిచ్చింది, పిల్లనిచ్చిన మామ మిగిలింది జమచేసిండు. 1922 అక్టోబర్‌ల సుబ్బారావు బోస్టన్‌ల దిగిండు. అక్కడ సుత చేతికి పైసలాడక ఆస్పత్రిల రాత్రిపూట పోర్టర్ పని చేసుకుంట చదివిండు.

ఆయన చేసిన పనులల్ల ఒక్కటే చెప్త, మిగిలినయి మీరే ఎతికి సదువుకోండ్రి. బోదకాలు రాకుంట మన ఊర్లల్ల ఆశా అక్కలు ఇంటింటికి వచ్చి, ఎదురుంగ మింగిచ్చి పోయే గోళీలున్నయ్ గదా? డీఈసీ గోళీలు. ఆ మందు అమెరికాల లెడర్లే కంపెనీల సుబ్బారావు నడిపిన ల్యాబుల తయారైంది, 1940లల్ల. ఎప్పుడో రంగూన్‌ల సంపాదించిన ఒక మనిషి సొమ్ము, ఒక మామ తెచ్చిన పైసలు, ఓడ టికెట్టయి, మందయి, తిరిగి మన గడప కాడికి వచ్చినయ్. ఆనాడు ఎవరన్న ‘అమెరికా పోయి ఏం జేస్తవు బిడ్డా’ అని చెయ్యి మడిచి ఉంటే?

అంబేడ్కర్ 1913ల కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదనే. ఆయనది సైన్సు కాదు గని లెక్క ఒక్కటే. తెలివికి కరువు లేదు, టైముకు చేతికందే పైసకే కరువు.

ఇగ మన కాలానికి వస్త. సర్కారు పథకాలు లెవ్వని కాదు. ఎనిమిదో తరగతిల ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి పాసైన సర్కారు బడి పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాక ఏడాదికి 12 వేలు వస్తయ్. ఇంటర్‌ల టాప్ మార్కులు తెచ్చుకొని బీఎస్సీ అసొంటి సైన్సు కోర్సులల్ల చేరినోళ్లకు కేంద్రం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉన్నది, ఏడాదికి 80 వేలు. పీహెచ్‌డీల నెట్ పరీక్ష కొట్టి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. అదే సెంట్రల్ యూనివర్సిటీల నెట్ లేకుంట పీహెచ్‌డీ చేసేటోళ్లకు నెలకు 8 వేలు. అది సుత 2015ల యూజీసీ బంద్ పెడ్తనంటే పిల్లలు ఢిల్లీ రోడ్డు మీద కూసొని నిలబెట్టుకున్నరు. ఆక్యుపై యూజీసీ అన్నరు ఆ ఉద్యమాన్ని. ఇగ మన రాష్ట్రంల ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు నేను చెప్పాల్నా? ఈపాస్‌ల శాంక్షన్ అని సూపిస్తది, కాలేజీ ఖాతాల పడదు, కాలేజీవాడు సర్టిఫికెట్ ఇయ్యడు.

అంటే కాయితం మీద పథకం ఉన్నది, చేతిల పైస లేదు. ఈ రెండిటి నడుమ దూరం ఎంతనో రెండు ముచ్చట్లల్ల చెప్త.

2024ల ఉత్తరప్రదేశ్‌ల ఒక దళిత కూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీల సీటొచ్చింది. సీటు ఖాయం చేసుకోవాలంటే 17,500 రూపాయలు కట్టాలె, జూన్ 24 సాయంత్రం దాకనే టైము. తండ్రి ఆడ ఈడ తిరిగి జమచేసేసరికి ఆన్‌లైన్‌ల గడువు అయిపోయింది. సీటు పోయింది. ఆ పిల్లగాడు ఊకోలె. కోర్టుల ఎంబడి తిరిగి తిరిగి సుప్రీంకోర్టు దాక పోయిండు. సెప్టెంబర్ 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి, సీటియ్యాల్సిందే అన్నది. బాగనే అయింది. కాని 17,500 కోసం ఒక పిల్లగాడు దేశంల అన్నిటికన్న పెద్ద కోర్టు మెట్లెక్కాలె అంటే, అట్ల ఎక్కలేక ఇంటికాడ కూసున్నోళ్లు ఎంతమందో!

రెండోది మన హైదరాబాద్‌దే. రోహిత్ వేముల సైన్సు రచయిత కావాలని కలగన్నోడు. 2016 జనవరిల చనిపోకముందు రాసిన ఉత్తరంల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ లక్షా 75 వేలు రావాల్సి ఉన్నదని, అవి ఇంటోళ్లకు అందేటట్టు సూడుమని రాసిండు. ఆ పోరాటం కులం మీద పోరాటం, దాన్ని పైసల లెక్కకు కుదించొద్దు. అయినా రీసెర్చి చేసే పేద పిల్లలకు నెలలకు నెలలు ఫెలోషిప్ రాకుంటే బతుకు ఎట్లుంటదో ఆ లెక్క సూస్తే తెలుస్తది. హాస్టల్ మెస్సు బాకీ, దోస్తుల కాడ చేబదులు, ఇంటికి ఫోన్ చేస్తే ‘అంతా మంచిగనే ఉన్నది అమ్మా’ అని అబద్ధం.

ఈడ నా తోటి కార్యకర్తలు నన్ను నిలదీస్తరు. ‘ఏందన్నా, చదువు హక్కు అని కొట్లాడేటోనివి, ఇప్పుడు చందాలు ఏసుకోమంటున్నవు? సర్కారు తప్పించుకోనికె దారి చూపిస్తున్నవా?’ అని. ప్రశ్న సరైనదే. జవాబు 1958లనే ఉన్నది. ఆ ఏడు అమెరికాల సర్కారు చట్టం తెచ్చింది, ఆడోళ్లు చందా ఏసిండ్రు. ఒకటి ఉన్నదని రెండోది ఆగలె. ఒక రాష్ట్రం పిల్లలందరి ఫీజు చందాలతోని ఎల్లది, అది సర్కారే కట్టాలె, కట్టేదాక ధర్నా ఆపొద్దు. కాని ధర్నా గెలిచేలోపల గడువు తేదీ దాటిపోతది గదా? ఊరి నిధి పని ఆ గడువు దాటకుంట సూసుడే. ఫీజు మొత్తం కట్టుడు దాని పని కాదు. రీయింబర్స్‌మెంట్ బాకీలను ఊరి చందాతోని తీర్చుదాం అన్నోడు దొరికితే మాత్రం ఊరుకోకుండ్రి. అది సర్కారు అప్పు, మన నెత్తికెందుకు?

మరి ఊర్ల ఎట్ల మొదలువెట్టాలె? ముందు లెక్క. ఒక మండలంల 200 మంది నెలకు వంద చొప్పున ఇస్తే నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. మనిషికి 20 వేల లెక్కన పన్నెండు మంది పిల్లలు. వంద రూపాయలంటే రెండు బిర్యానీలు కాదు, ఒక్కటి గూడ సరిగ రాదు ఇప్పుడు. పెద్ద దాత కోసం ఎదురుసూసి ఏండ్లు పోగొట్టుకునే కంటే ఈ వందలే నయం. పెద్ద దాత అలిగితే నిధి ఎండుతది, 200 మందిల పది మంది అలిగినా నడుస్తది.

నడిపేదెవరు? నా మాటకు మగపిల్లలు కోపం చేసుకోవద్దు. మహిళా సంఘం అక్కలను ముందల పెట్టుండ్రి. నెలనెలా పొదుపు కట్టుడు, తీర్మానం పుస్తకంల రాసుడు, బ్యాంకుల జమ చేసుడు, అప్పు తీసుకున్నామె ఇంటికి పోయి మర్యాదగ అడుగుడు వాళ్లకు ఏండ్ల సంది అలవాటు. లాస్ ఏంజిలిస్ ఆడోళ్ల కంటే ఈ పనిల మన అక్కలకే అనుభవం ఎక్కువ. వాళ్లకు రానిది ఆన్‌లైన్ ఫారాలు, గడువు తేదీలు, వెబ్‌సైట్లు. అది మీ పని. ఫోన్ మీ చేతిల పొద్దంత ఉంటనే ఉన్నది గదా.

ఎంపిక మాత్రం ఊరి బయట పెట్టుండ్రి. పక్క మండలం నుంచి ఇద్దరు సైన్సు టీచర్లు, ఒక రిటైర్డ్ లెక్చరర్ చాలు. దరఖాస్తుల మీద పేరు, తండ్రి పేరు, ఊరు తీసేసి నంబర్ ఏసి వాళ్లకియ్యుండ్రి. మార్కులు ఒక్కటే సూడొద్దు. సర్కారు హాస్టల్‌ల ఉండి 75 శాతం తెచ్చుకున్న పిల్ల, కార్పొరేట్ కాలేజీల 95 తెచ్చుకున్న పిల్లగాని కంటే తక్కువదేం కాదు. పైసలు ఇంటి పెద్ద చేతికి కాదు, ఆ పిల్ల సొంత ఖాతాలనే పడాలె. ఎందుకంటే చాలా ఇండ్లల్ల బిడ్డ స్కాలర్‌షిప్ అన్న బండి ఈఎంఐకి పోతది. ఇది కండ్లార సూసిన ముచ్చట.

చిన్నగ మొదలువెట్టినప్పుడు మహిళా సంఘం తీరుగ లెక్క పుస్తకంతోనే నడపొచ్చు. బయటి నుంచి విరాళాలు వచ్చుడు మొదలైతే సొసైటీ రిజిస్ట్రేషన్ చేపియ్యుండ్రి. 2001ల వచ్చిన సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలె. విరాళమిచ్చినోళ్లకు ఆదాయపన్నుల మినహాయింపు కావాలంటే దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర వేరే రిజిస్ట్రేషన్ ఉంటది. 2 వేలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకుల నుంచి రానియ్యుండ్రి.

గల్ఫ్ అన్నలు, అమెరికా అన్నల ముచ్చట జర జాగ్రత్తగ వినుండ్రి, ఇక్కడ తెలువక ఇరుక్కున్న సంఘాలున్నయ్. విదేశీ విరాళాల చట్టం ఒకటున్నది, ఎఫ్‌సీఆర్ఏ అంటరు. దుబాయ్‌లనో, మస్కట్‌లనో పనిచేసే మన అన్న చేతిల ఇండియా పాస్‌పోర్టే ఉంటది. ఆయన తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న అన్న పంపితే మాత్రం, ఆయన మన ఊర్లనే పుట్టినా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేకుంట మీ సంఘం ఒక్క డాలర్ గూడ ముట్టొద్దు. ఆ అనుమతి కొత్త సంఘానికి అంత జల్దిన రాదు, మామూలుగైతే మూడేండ్ల పనితనం సూపియ్యాలె. అమెరికా అన్నకు సాయం చెయ్యాలని నిజంగ ఉంటే, నెలకు ఒక ఆదివారం వీడియో కాల్‌ల కూసొని ఎమ్మెస్సీ ఎంట్రన్స్ ప్రిపేరయ్యే పిల్లలకు లెక్కలు చెప్పుమనుండ్రి. దానికి ఏ చట్టం అడ్డం రాదు. వారం రోజులల్ల ఎంతమంది దొరుకుతరో నాకు సుత సూడాలనున్నది.

నిధి కంటే ముందు పుట్టాల్సింది తేదీల పట్టిక. పైస ఖర్చు లేని పని ఇది. ఎన్ఎంఎంఎస్ దరఖాస్తు ఎప్పుడో ఎనిమిదో తరగతి పిల్ల తల్లికి తెలువది. ఐఐటీలల్ల ఎమ్మెస్సీకి పోయే జామ్ పరీక్షకు సెప్టెంబర్‌లనే అప్లై చేసుడు మొదలైతదని, పరీక్ష ఫిబ్రవరిల ఉంటదని బీఎస్సీ ఫైనలియర్ పిల్లలల్ల సగం మందికి తెలువది, మార్చిల అడుగుతరు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆ ఫీజు సగమే అన్న సంగతి గూడ తెలువది. సర్టిఫికెట్ల ముచ్చటైతే చెప్పనలవి కాదు. ఇన్‌కమ్ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్ గడువు రేపనంగ ఈరోజు మీసేవకు ఉరుకుతరు, సర్వర్ డౌన్ ఉంటది. మే నెలలనే అందరియి తీసి పెట్టిచ్చే ఒక్క వాలంటీర్ ఊరికుంటే, ఆయన చేసిన సాయం ఇరవై వేల చెక్కు కంటే ఎక్కువ. ఇంకో మాట. స్కాలర్‌షిప్ ఇప్పిస్తం, ముందుగాల ప్రాసెసింగ్ ఫీజు పంపుమని ఎవడన్న ఫోన్ చేస్తే, వాడు దొంగ. పెట్టేయండ్రి.

పైసలియ్యంగనే పని అయిపోదు. మూడు నెలలకొకసారి ఫోన్ చెయ్యాలె. ‘మార్కులెన్ని’ అని కాదు, ‘మెస్సు బిల్లు కట్టినవా, ఆరోగ్యం ఎట్లున్నది, ఇంగ్లీషుల లెక్చర్ అర్థమైతుందా’ అని. తెలుగు మీడియంల చదివి పట్నంల పెద్ద యూనివర్సిటీకి పోయిన పిల్లకు మొదటి ఆరు నెలలు నరకం లెక్కనే ఉంటది. ఆ టైముల ఊరి నుంచి ఒక్క గొంతు వినబడితే చదువు ఇడిసిపెట్టి బస్సెక్కే పిల్లలు తగ్గుతరు. సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు బడిల కూసోబెట్టి, తను చదివేది ఏందో చెప్పిపియ్యుండ్రి. శాలువా కప్పొద్దు, ఫొటో వద్దు. చంద్రుని మీద మట్టి గురించో, చెరువుల నాచు గురించో, మన పత్తి చేను పురుగు గురించో తన మాటలల్ల ఒక అరగంట చెప్తది. ముందు వరసల ఏడో తరగతి పిల్లలు కూసోవాలె, లీడర్లకు కుర్చీలు ఎన్కకెయ్యుండ్రి.

ఏడాది అయినంక లెక్క మొత్తం గ్రామపంచాయతీ గోడ మీద అంటియ్యుండ్రి. ఎవరెంత ఇచ్చిండ్రు, మొత్తం ఎంతైంది, ఎంతమంది పిల్లలకు పోయింది, జిరాక్సులకు, చార్జీలకు ఎంతైంది, ఎంత మిగిలింది. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు, సాయం తీసుకున్నరని వాడ మొత్తం తెలువాల్సిన పని లేదు. మిగిలింది ఎంతైనా సరే ఫిక్స్‌డ్ ఏసి పెట్టుండ్రి. పదేండ్లకు పది లక్షలైతే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 70 వేలు. అంటే చందా రాని కరువు సంవత్సరంల సుత ముగ్గురు పిల్లలు ఆగకుంట పోతరు. ఈ వానకాలం డిగ్రీ అడ్మిషన్లు అయిపోయేలోపల మీ మండలంల బీఎస్సీల చేరిన పిల్లలెందరు, ఎమ్మెస్సీకి పోదామనుకునేటోళ్లు ఎందరు, వాళ్లకు ఏ తేదీకి ఎంత కావాలె, ఈ మూడు నోటుబుక్కుల రాసుకొని అక్కల మీటింగుకు పోండ్రి.